ఛార్జి పలక

మా ఇంటి తలుపు వెనక ఒక పలక వేలాడుతూ ఉండేది. ఒక మూల చిట్లిన పలక. మా బడిలో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. దాని చెక్కకు మా ఆయన రెండు బెజ్జాలు వేసి, తీగ కట్టి మేకుకు తగిలించారు. పక్కనే చిన్న గుడ్డసంచిలో బలపాలు. నాలుగైదేళ్లు మా సంసారం ఆ పలక మీదే నడిచింది. ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, మా అమ్మాయి మా దగ్గర పెరిగిందంటే దానికి కారణం ఆ పలకే.

యాభైల చివరి సంగతి. జంషెడ్‌పూర్‌లో సాక్చి బజారుకు నడిచి వెళ్లేంత దూరంలో మాకు కంపెనీ క్వార్టరు ఇచ్చారు. ఒక గది, వంటిల్లు, ముందు వరండా, వెనక కాస్త దొడ్డి. గదిలో ఒక మంచం, రెండు ట్రంకుపెట్టెలు, ఒక బల్ల, ఒక కుర్చీ. అంత ఇంట్లో సర్దడానికి ఏముంటుందని అడిగేవాళ్లు ఎప్పుడూ చిన్న ఇంట్లో ఉండి ఉండరు. పెద్ద ఇంట్లో చొక్కా ఒక మూల పడి ఉంటే ఎవరి కంటా పడదు. మా ఇంట్లో చొక్కా కింద పడితే నడవడానికి దారి ఉండేది కాదు.

దానికి తోడు మసి. కార్ఖానా గొట్టాల వైపు నుంచి గాలి తిరిగిందంటే సన్నని నల్లపొడి ఇంట్లోకి వచ్చి కూర్చునేది. పొద్దున ఊడ్చిన గచ్చు మీద మధ్యాహ్నానికి అడుగుల గుర్తులు పడేవి. మా వీధి ఆడవాళ్లు బట్టలు ఆరేసే ముందు తలెత్తి గొట్టాల పొగ ఎటు పోతోందో చూసుకునేవాళ్లు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో చూసుకోకుండా మూడు తెల్ల చీరలు ఆరేసి, సాయంత్రానికి మూడు బూడిదరంగు చీరలు మడత పెట్టుకున్నాను. ఆ రోజు ఆ గొట్టాలను నేను తిట్టిన తిట్లు ప్రభువు క్షమించాలి.

నేను పెళ్లికి ముందే మిషను బడిలో చదివి టీచరు ట్రైనింగు అయినదాన్ని. మా పాపకు మూడో ఏడు వచ్చాక తెలుగు బడిలో ఉద్యోగం దొరికింది. పదింటికి ఇంట్లోంచి బయలుదేరితే తిరిగి వచ్చేసరికి నాలుగుంపావు. మా ఆయన రోలింగు మిల్లులో ఫిట్టరు. ఒక వారం తెల్లవారి ఆరింటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం రెండింటిది, ఒక వారం రాత్రి పదింటిది. దాంతో ఒకే మంచం ఉన్న ఇంట్లో ఉంటూ కూడా మేమిద్దరం గుమ్మం దగ్గర ఎదురుపడి పలకరించుకునే రోజులే ఎక్కువ. ఇద్దరం లేని గంటల్లో పాపను గోడ అవతల క్వార్టరులో ఉండే ఒడియా ఆవిడ చూసేది. పాప ఆవిడను మౌసీ అనేది, అంటే పిన్ని, దాంతో మేమూ మౌసీ అనే పిలిచేవాళ్లం.

ఉద్యోగంలో చేరిన మొదటి నెల మా ఇల్లు ఇల్లులా లేదు. ఆయన వంకాయలు తెస్తే నేనూ వంకాయలే తెచ్చేదాన్ని. సబ్బు ఇద్దరం తెచ్చేవాళ్లం కాదు. ఒక రోజు నేను బడికి వెళ్లేముందు పాపకు తలంటి వెళ్లాను. మా ఆయన నిద్ర లేచి, పిల్ల ఒళ్లు చూసి పాపం అమ్మకు తీరికలేదనుకుని మళ్లీ తలంటారు. మధ్యాహ్నం మౌసీ, జుట్టు తడిగా ఉందేమిటని తుడిచి, ఎలాగూ తడిచింది కదా అని మూడోసారి నీళ్లు పోసింది. మా పాప నోరెత్తి ఒక్క మాట చెబితే ఒట్టు. నీళ్లంటే దానికి అంత ఇష్టం. మర్నాడు ముగ్గురం మొదటి రోజు సంగతి తలచుకుని ఎవరికి వారు ఊరుకున్నాం. అది నల్లటి మొహంతో వీధంతా తిరిగింది.

నేను గట్టిగానే దెబ్బలాడాను. మా ఆయనకు కోపం వచ్చినప్పుడు మాట తగ్గుతుంది, నాకు పెరుగుతుంది. నేను అలిసిపోయేదాకా ఊరుకుని ఆయన ఒక్క మాట అన్నారు.

"మిల్లులో ఇలాగైతే నడవదే. ఛార్జి ఇవ్వాల."

అదేమిటో అప్పుడే నాకు చెప్పారు. మిల్లులో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి ఛార్జి ఇవ్వాలి. ఏ మిషను నడుస్తోంది, ఏది ఆగింది, పానా ఎక్కడ ఉంది, నూనె ఎంత ఉంది, అంతా చెప్పి పుస్తకంలో రాయాలి. ఎక్కేవాడు అన్నీ చూసుకుని, ఒప్పుకున్నట్టు మార్కు పెట్టాలి. ఆ మార్కు పడేదాకా దిగేవాడు మిషను దగ్గర నుంచి కదలకూడదు. రిలీవరు, అంటే ఆ ఎక్కేవాడు, రాకపోతే ఇంకో షిఫ్టయినా అక్కడే నిలబడాలి. మార్కు పడ్డాక మాత్రం ఆ మిషను జోలి అతనికి లేదు. హాయిగా ఇంటికి పోవచ్చు.

"మనం ఎదురుపడితే కదండీ చెప్పుకోవడానికి" అన్నాను.

"అందుకే రాయమంటన్నాను" అన్నారు.

అలా పలక వచ్చింది. మధ్యలో ఒక గీత. ఎడమ పక్క ఆయనది, కుడి పక్క నాది. మొదట్లో అక్షరాలే రాశాం. కానీ ఆయన అక్షరం ఒక్కొక్కటి అరచేతంత ఉండేది. 'నీళ్లు పట్టాను' అని రాసేసరికి పలక నిండిపోయేది. మెల్లగా బొమ్మల్లోకి దిగాం. కుండ బొమ్మ గీసి లోపల గీతలు కొడితే నీళ్లు నిండా ఉన్నట్టు. ఖాళీ కుండ అయితే పట్టాలన్నట్టు. మంట గీస్తే బొగ్గుల పొయ్యి రాజుకుని ఉన్నట్టు. చీపురు గీస్తే ఊడ్చినట్టు. గుండ్రటి మొహానికి రెండు జడలు గీస్తే మా పాప. జడల మొహం కింద అడ్డగీత ఉంటే నిద్రపోతోందని, చుట్టూ ఇల్లు గీసి ఉంటే మౌసీ దగ్గర ఉందని. వచ్చినవాళ్లు అన్నీ చూసి ప్రతి బొమ్మ కిందా బడిలో నేను లెక్కలకు పెట్టే టిక్కు మార్కు పెట్టాలి. అది పెట్టాక ఇక వాళ్ల బాధ్యత.

మా ఆయన ఎంత బాగా ఊడ్చేవారో చెబితే మా వీధిలో ఎవరూ నమ్మరు. మంచం కింద, ట్రంకుపెట్టె వెనక, తలుపు మూల, ఒక్క చోటు వదిలేవారు కాదు. మిల్లులో షిఫ్టు అయ్యాక మిషను చుట్టూ ఊడ్చే అలవాటు. గిన్నెలు కూడా తోమేవారు, అయితే ముందు గది తలుపు గడియ వేసి. నేను బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పి, తలుపు వెనక చూసి, టిక్కులు పెట్టుకుంటూ పోతే రోజంతా మోసిన అలసట సగం దిగేది. పలక కింది మూలలో ఒక్కోసారి ఏ పనికీ చెందని పువ్వు బొమ్మ ఉండేది. దాని కింద కూడా టిక్కు పెట్టేదాన్ని. అప్పుడు మేం ఎంత సుఖంగా ఉన్నామో నాకు తెలుసు. తెలియకుండా గడిచిపోయిన సుఖం కాదు అది.

పాపకు నాలుగేళ్లు వచ్చాక ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. మా అత్తగారిది పలాస వైపు పల్లెటూరు. భర్త పోయాక ముగ్గురు మగపిల్లలను ఒంటిచేత్తో పెంచిన మనిషి. పెద్ద కొడుకులిద్దరితో ఊళ్లోనే ఉండేవారు. ఆవిడకు చదువు లేదు. ఊరి పాస్టరుగారితో రాయించిన ఉత్తరం. కోడలు ఉద్యోగానికి పోతే పిల్ల పరాయి ఇళ్లలో పెరుగుతోందని విన్నాననీ, నెల రోజులు ఉండి చూస్తాననీ, ఇల్లు ఇల్లులా ఉంటే సరే, లేకపోతే పిల్లను తనతో ఊరికి తీసుకుపోయి బడి ఈడు వచ్చేదాకా పెంచుతాననీ.

మా ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు. "చూద్దాం" అన్నారు.

"చూద్దాం ఏటండీ? పిల్లను ఇచ్చేత్తారా?"

"అమ్మ మాట నానెప్పుడూ కాదన్లేదే. వచ్చి సూసి అమ్మే అనుకుంటది, ఇల్లు బాగుందని."

 ఉద్యోగం మానేస్తే గొడవే లేదు. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు. నేను మానను. కానీ పిల్ల లేని ఆ గదిని ఊహించుకుంటే నాకు అన్నం దిగలేదు.

సరే, ఇల్లు మెరిసిపోవాలనుకున్నాను. గోడ అల్మారా అరల్లో కాగితాలు మార్చి అంచులు పూలలా కత్తిరించాను. దుప్పట్లకు గంజి పెట్టాను. పనిలో పనిగా పలక తీసి, ట్రంకుపెట్టె వెనక దాచేశాను. కొడుకు చీపురు పట్టాడనీ గిన్నెలు తోముతాడనీ తెలిస్తే ఆవిడ మర్నాటి బండికే పిల్లను ఎత్తుకుపోతారని నా భయం.

మా ఆయన మేకు వైపు చూసి, "మిల్లుకి పెద్ద సాయిబులు వచ్చినప్పుడు ఛార్జి బుక్కు దాచేత్తామేటి? అదే ముందు సూపిత్తాం" అన్నారు.

"అది మిల్లు. ఇది మీయమ్మ" అన్నాను. ఇంట్లో దేనికీ చెయ్యి పెట్టకూడదని, కుండ ముట్టుకోకూడదని ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఇల్లు దేని మీద నిలబడిందో దాన్నే తీసి దాచిన తెలివి నాది. ఇరవై ఎనిమిదేళ్లు అప్పటికి నాకు, టీచర్ని కూడాను.

మా అత్తగారు ఒక ట్రంకుపెట్టె, ఒక మూట ఎండుచేపలు, ఒక డబ్బా బెల్లం, రెండు కొత్త కొండచీపుళ్లతో దిగారు. చీపుళ్లు నా చేతికిచ్చి, "ఇక్కడ దొరకవేమోనని" అన్నారు. దొరుకుతాయని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. నవ్వుతూ పుచ్చుకున్నాను.

గదిలోకి రాగానే కిటికీ చెక్క మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు నాకు చూపించారు.

"ఏటిది టీచరమ్మా, కాటుక?"

"మసి అత్తమ్మా. గాలికి వత్తది. పొద్దున్నే తుడిచాను."

"ఏ పొద్దున్న?" అన్నారు.

మూడు రోజులు ఆవిడే స్వయంగా ఊడ్చి చూశారు. మొదటి రోజు మూడుసార్లు, రెండో రోజు ఐదుసార్లు. మూడో రోజు సాయంత్రం చీపురు ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుని, ఆ గొట్టాల వైపు చాలాసేపు చూశారు. తర్వాత కాటుక ఊసు ఎత్తలేదు. నేను లోపల్లోపల నవ్వుకున్నానని ఒప్పుకుంటాను.

మొదటి మూడు నాలుగు రోజులు ఎలాగో గట్టెక్కాను. కోడి కూయకముందే లేచి నీళ్లు, ఊడుపు, వంట ముగించి బడికి పరుగెత్తేదాన్ని. మా ఆయన ఆ వారం మధ్యాహ్నం షిఫ్టులో ఉన్నారు. పొద్దుటి పూట ఇంట్లో ఊరికే కూర్చోలేక, సైకిలు విప్పి బిగించి మళ్లీ విప్పేవారు.

గురువారం వచ్చింది. మా సంఘంలో స్త్రీల ప్రార్థన కూటం వారానికో ఇంట్లో జరిగేది. ఆ వారం మా ఇంట్లో. సాయంత్రం ఐదింటికి. మా అత్తగారు ఉత్సాహంగా ఉన్నారు. ఊళ్లో కూటానికి వెళ్లి వచ్చిన ఇళ్ల గురించి ఎలా మాట్లాడుకుంటారో నాకు తెలుసు కాబట్టి నేను భయంగా ఉన్నాను. మా క్వార్టర్లలో పంపు నీళ్లు పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా వచ్చేవి. పొద్దుటివి చాలా మటుకు వంటకే అయిపోయాయి. మధ్యాహ్నం నీళ్లు మా ఆయన పడతారనుకున్నాను. పలక వచ్చినప్పటి నుంచి రెండింటి షిఫ్టు వారాల్లో పడుతున్నది ఆయనే కదా. ఆయనేమో కుండ ముట్టుకోవద్దని నేను మాట తీసుకున్నాను గనుక, దీనికి వేరే ఏర్పాటు ఏదో చేసి ఉంటుందిలే అనుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. మా అత్తగారికి పంపు వేళలు తెలియవు. ఉన్న నీళ్లన్నీ పోసి వరండా కడిగేశారు.

నాలుగుంపావుకు నేను ఇంటికి వచ్చేసరికి వరండా అద్దంలా ఉంది. లోపల ఒక్క చుక్క నీళ్లు లేవు. పొయ్యి రాజలేదు. చాప పరుస్తూ, "పాప ఏది అత్తమ్మా?" అన్నాను.

"మౌసీ కాడ నేదేటి? నాను నిద్దర లేసేసరికి ఇక్కడ నేదు. నాయిన దిగబెట్టి ఎల్లాడనుకున్నాను."

గోడ మీంచి మౌసీని పిలిచాను. ఈ రోజు అసలు రాలేదంది. మీ అత్త వచ్చింది కదా, ఆవిడ దగ్గరే ఉందనుకున్నానంది.

ఇంకా ఐదు కాలేదు, అప్పుడే పదిహేనుమంది ఆడవాళ్లు బైబిళ్లు, పాటల పుస్తకాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. మర్యాదలు లేవు, రండి కూర్చోండి అనడం లేదు. పిల్ల కనబడడం లేదని చెప్పాను. ఆ పదిహేనుమందీ పుస్తకాలు చాప మీద పడేసి వీధిలోకి చెదిరిపోయారు. ఒకరు పెద్ద రోడ్డు వైపు, ఒకరు మురికి కాలవ వెంట, ఒకరు బజారు దారి. ఆ రోడ్డు మీద ఇనుము మోసే లారీలు తిరుగుతాయి.  మా అత్తగారు గుమ్మం పట్టుకుని, "గుంట ఏదే, గుంట ఏదే" అంటున్నారు. ఆ నిమిషంలో నాకు తెలిసింది ఒకటే. ఆవిడ పిల్లను తీసుకుపోతారు, తీసుకుపోవడానికి ఆవిడకు హక్కుంది.

మంచం కింద ఏదో కదిలింది. వంగి చూస్తే గోడవారగా, ట్రంకుపెట్టెకూ మంచం కోడుకూ మధ్య మా పాప వెల్లకిలా పడుకుని ఉంది. పొట్ట మీద పలక. గుప్పిట్లో బలపం ముక్క. అప్పుడే కళ్లు తెరిచింది.

బయటికి లాగాను. కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియక రెండూ చేశాను. అప్పటికి ఆడవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. మా పాప పలకను రెండు చేతులా పట్టుకుని అందరికీ చూపించింది. ఖాళీ కుండ. మంట లేని పొయ్యి. జడల మొహం, దాని చుట్టూ ఇల్లు లేదు. నాలుగేళ్ల పిల్ల ఆ రోజు మా ఇంటి సంగతి ఒక్కటి కూడా తప్పు లేకుండా రాసి పెట్టింది. ప్రతి బొమ్మ కిందా ఒక వంకర టిక్కు.

"ఎవరూ ఛార్జి తీసుకోలేదు. అందుకే నేను తీసుకున్నా. డ్యూటీలో ఉన్నా" అంది.

 మా సంఘం పాస్టరుగారి భార్య కొంగు నోట్లో కుక్కుకుని చాప మీద కూలబడింది. ఇక నవ్వులు ఆగలేదు. మా ఇంట్లో జరిగిన కూటాల్లో అంత సంతోషంగా జరిగింది మరొకటి లేదు. మౌసీ రెండు బిందెల నీళ్లు గోడ మీంచి అందించింది. ఎవరో తమ పొయ్యి మీంచి నిప్పులు తెచ్చారు. టీ తాగి, పాటలు పాడి, తప్పిపోయి దొరికినదాని కోసం ప్రభువుకు స్తోత్రం చెప్పి వెళ్లారు.

అందరూ వెళ్లాక మా అత్తగారు పలక తీసుకుని పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, రోజూ దాని మీద ఉండే బొమ్మలన్నీ గీసి చూపమన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఇదేటి?"

"చీపురు. నాన్న ఊడ్చేశాడని."

"మరిదేటి?"

"గిన్నెలు. అవి కూడా నాన్నే."

మా అత్తగారు తలెత్తి నా వైపు చూశారు.  మర్నాడు పొద్దున మా ఆయన టీ తాగుతుంటే అడిగారు.

"ఏరా, మిల్లులో ఊడుత్తావేటి?"

"ఊడుత్తానమ్మా. షిఫ్టు దిగేముందు మిషను చుట్టూ మనమే ఊడవాల."

"అక్కడ ఊడిసినోడివి ఇక్కడ ఊడిస్తే నీ సెయ్యేటన్నా అరిగిపోద్దా? దీన్నెందుకు కోడి కూయకముందు లేపుతన్నావు?"

నేను గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకున్నాను. అయితే ఆవిడ అక్కడితో ఆగలేదు.

"ఇల్లు సరే. ఇంటి మాట నానింక అనను. గుంట మాటేటి? మంచం కింద దొరికింది. రోడ్డు మీద దొరికుంటే?" అన్నారు.  ఆ మధ్యాహ్నమే పాప గౌన్లు రెండు మడిచి తన ట్రంకుపెట్టెలో పెట్టుకున్నారు. నేను చూశానని ఆవిడకు తెలుసు.

పలక మళ్లీ మేకు మీదికి ఎక్కింది. మా అత్తగారు రెండు రోజులు దాన్ని దూరం నుంచి చూశారు. మూడో రోజు పాపను పిలిచి, బలపం ఎలా పట్టుకోవాలో చూపించమన్నారు. అరవై దాటిన ఆవిడ, కొడవలీ చీపురూ పట్టిందే తప్ప రాతకు సంబంధించింది ఏదీ పట్టి ఎరగని చెయ్యి. కుండ గీస్తే వంకాయలా వచ్చింది. పాప నాలాగే కళ్లు చిట్లించి, "ఫిర్ సే, నాన్నమ్మా" అంది. మళ్లీ గీశారు. ఆ వారం నేను పలక మీద రెండో గీత కొట్టాను. మూడు భాగాలు, ముగ్గురం. షిఫ్టులూ మూడే కాబట్టి ఇప్పుడు లెక్క సరిపోయిందన్నారు మా ఆయన.

ఇక ఆవిడ మా ఇద్దరి కంటే గట్టి. మార్కు లేకుండా ఏ పనీ ఒప్పుకునేవారు కాదు. ఒక రోజు మా ఆయన సైకిలెక్కి వీధి చివరికి వెళ్లిపోయారు. ఆవిడ చెంగు దోపుకుని వెంటపడ్డారు.

"ఒరే, ఛార్జి ఇవ్వకుండా ఎల్లిపోతన్నావేటి? గుంట తిన్నాదో నేదో ఎవులు సెప్పాల?"

ఆయన సైకిలు తిప్పుకుని వచ్చి, జడల మొహం పక్కన అన్నం కంచం గీసి, మా అత్తగారు టిక్కు పెట్టేదాకా నిలబడి వెళ్లారు. మిల్లులో కూడా ఇంత పద్ధతి లేదని సాయంత్రం గొణిగారు. గొణుగుడులో గర్వమే ఎక్కువ.

ఆ మూడు వారాలు మా ఇల్లు ఎంత శుభ్రంగా ఉందంటే మసి కూడా మొహమాటపడి వచ్చినట్టుండేది. నేను బడి నుంచి వచ్చేసరికి టీ ఉండేది. ఆవిడ, పాప వరండాలో కూర్చుని ఆకాశంలో సోనారి విమానాశ్రయం వైపు దిగే చిన్న విమానం కోసం చూస్తూ ఉండేవారు. నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషం మధ్యలోనే ట్రంకుపెట్టెలో ఉన్న రెండు గౌన్లు గుర్తొచ్చేవి. "అడుగుతాన్లే" అని మా ఆయన రోజూ అనేవారు, అడిగేవారు కాదు. నేను నోరున్నదాన్ని. బడిలో నలభైమందిని ఒక్క మాటతో కూర్చోబెట్టేదాన్ని. ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేకపోయాను. అడగనంతకాలం పిల్ల నా దగ్గరే ఉంటుందనిపించేది.

చివరి రోజు వచ్చింది. పొద్దుటి బండి. ముందు రోజు సాయంత్రం పాపకు జడలు వేస్తూ, రిబ్బన్లు ఎప్పటికన్నా గట్టిగా కట్టాను. అది నొప్పని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దొడ్డిలోకి వెళ్లి.

పొద్దున నేను లేచేసరికి ఎండ వరండాలోకి వచ్చేసింది. ఎవరూ నన్ను లేపలేదు. మా ఆయనకు ఆ రోజు సెలవు. రిక్షా తేవడానికి వెళ్లారు. మా అత్తగారు స్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, మూట పక్కన పెట్టుకుని ట్రంకుపెట్టె మీద వరండాలో కూర్చుని ఉన్నారు. పాప మంచం మీద అడ్డంగా పడి నిద్రపోతోంది. దాని కాళ్ల దగ్గర రెండు గౌన్లు మడతపెట్టి ఉన్నాయి.

బండికి ఇవి తొడగమని పెట్టారేమో అనుకున్నాను. ఒకటి తీసి చేతిలో పట్టుకున్నాను. అప్పుడు అలవాటుగా తలుపు వెనక చూశాను.

ఆవిడ భాగంలో కుండ ఉంది, లోపల గీతలు నిండా. మంట ఉంది. చీపురు ఉంది. వాటన్నిటి కింద, మిగతా పలకంతా నింపేసి, చాలా పెద్దగా ఒక గుండ్రటి మొహం. రెండు జడలు. ఒక జడ పొట్టి, ఒకటి పొడుగు. కింద అడ్డగీత, నిద్రపోతోందని. చుట్టూ ఒక ఇల్లు. ఆ ఇంటికి తలుపు, తలుపు పక్కన ఒక చిన్న పలక కూడా గీశారు, మౌసీ ఇల్లు అనుకుంటానేమోనని.

పలక మీంచి చూపు తిప్పకుండానే చేతిలోని గౌను మళ్లీ పాప కాళ్ల దగ్గర పెట్టాను. వీధిలో రిక్షా గంట వినిపించింది. మా ఆయన గొంతు కూడా వినిపించింది. వరండా లోంచి మా అత్తగారు నా వైపు తిరిగారు.

"ఏటలా సూత్తన్నావు? మార్కు ఎట్టు. రిలీవరు మార్కు ఎట్టకుండా నాను కదలకూడదు కదా. బండికి టయిమవుతంది" అన్నారు.

సంచిలోంచి బలపం తీశాను. కుండ కింద టిక్కు పెట్టాను, మంట కింద పెట్టాను, చీపురు కింద పెట్టాను. జడల మొహం కింద పెట్టాను. ఆవిడ లేచి వచ్చి, పలకను కళ్ల దగ్గరగా పెట్టుకుని నాలుగు టిక్కులూ వేలితో లెక్కపెట్టుకున్నారు. తర్వాత పెట్టె మా ఆయన చేతికిచ్చి, మూట చంకలో పెట్టుకుని, నిద్రపోతున్న పిల్ల వైపు ఒకసారి చూసి, రిక్షా ఎక్కారు.